చెక్ ఇంజిన్ లైటు, రెండు కోడ్‌లు, ఒక్క ఫ్యూజు: నా అనుభవం

దసరాకి ఊరెళ్లి హనుమకొండ తిరిగొచ్చాక రెండు వారాలకు అనుకుంటా, పొద్దున జనగామ డ్యూటీకి పోతుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటగానే మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి మామూలుగానే పోతోంది, కుదుపు లేదు, పొగ లేదు. రఘునాథపల్లి దగ్గర పక్కకు ఆపి మొదట చూసింది టెంపరేచర్ ముల్లు, తర్వాత ఆయిల్ లైటు. రెండూ బాగానే ఉన్నాయి. ఇంజిన్ బొమ్మ కూడా నిలకడగా వెలుగుతోంది, కొట్టుకోవడం లేదు. ఈ తేడా అందరికీ తెలియాలి. ఆ లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే సిలిండర్‌లో మంట సరిగ్గా అందుకోవడం లేదని, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోతోందని అర్థం. అలా నడిపితే పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, అప్పుడు ఖర్చు మామూలుగా ఉండదు. నిలకడగా వెలిగితే ఇంటిదాకా వెళ్లొచ్చు, కానీ వదిలేయకూడదు.

మాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇది ఏ బండికైనా జరిగేదే. లైటు రావడానికి నాలుగైదు రోజుల ముందు నుంచే మైలేజీ తగ్గినట్టు అనిపించింది. హైవే మీద లీటరుకు 17 ఇచ్చే బండి 14కి పడిపోయింది, పొద్దున స్టార్ట్ చేస్తే పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది. ఈ మధ్య అందరూ పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ గురించే మాట్లాడుతున్నారు కదా, నేనూ పెట్రోల్ తేడా అనుకుని బంకు మార్చాను. ఏమీ మారలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆఫీసులో ఒకాయన "బ్యాటరీ మైనస్ టెర్మినల్ పది నిమిషాలు పీకి పెట్టు, లైటు పోతది" అన్నాడు. అలాగే చేశాను, పోయింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. పోయిన లైటు తిరిగి రావడం పెద్ద నష్టం కాదు, అసలు నష్టం ఇంకోటి. తప్పు జరిగిన క్షణంలో బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది అన్న వివరాలన్నీ కంప్యూటర్ ఒక ఫొటో తీసి పెట్టుకున్నట్టు దాచుకుంటుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. టెర్మినల్ పీకితే కోడ్‌తో పాటు, అంటే ఏ లోపం వచ్చిందో కంప్యూటర్ రాసి పెట్టుకున్న నంబరుతో పాటు, అదీ పోతుంది. పైగా కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. దొంగ వదిలిన గుర్తులను మనమే కడిగేసినట్టు. ఇంకెప్పుడూ చేయను, మీరూ చేయొద్దు.

రెండోసారి లైటు వచ్చాక ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. స్కానర్ పెట్టారు, రెండు నిమిషాల్లో తేల్చేశారు. "ముందు సెన్సర్, వెనక సెన్సర్ రెండూ పోయినయ్ సార్, రెండూ మారిస్తే పదహారున్నర వేలు అవుతది, కన్వర్టర్ కూడా చూడాలె." నేను కోడ్ నంబర్లు అడిగి ఒక చిత్తుకాగితం మీద రాయించుకున్నాను. పి0135, పి0141. రేపు చెప్తానని బండి తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పదహారున్నర వేలంటే మా పెద్దోడి ఇంటర్ పరీక్షల ముందు కోచింగ్ డబ్బులు. దానికంటే ఎక్కువ తొలిచింది ఒక్క ప్రశ్న. రెండు ఆక్సిజన్ సెన్సర్లు, ఒకటి ఇంజిన్ పక్కన, ఇంకొకటి బండి కింద కన్వర్టర్ అవతల. ఇన్నేళ్లు ఆగి రెండూ ఒకే రోజు ఎట్లా పోతాయి? ఇంట్లో ఒకేసారి రెండు ఫ్యాన్లు ఆగిపోతే రెండు మోటార్లూ కాలాయని ఎవరూ అనుకోరు, ముందు మీటర్ దగ్గరికి పోయి ఫ్యూజు చూస్తారు.

మర్నాడు ఏడొందలు పెట్టి బండి కంప్యూటర్‌లోని కోడ్‌లను ఫోన్‌లో చూపించే ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఆర్డర్ పెట్టాను, ఈఎల్ఎం 327 అనేవి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, చాలామంది పదేళ్లు బండి నడిపినా దాన్ని చూసి ఉండరు. దాంట్లో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్‌లో టార్క్ యాప్ తెరిస్తే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మామూలు బ్లూటూత్‌ది సరిపోతుంది, ఐఫోన్ అయితే వైఫైది గానీ బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే రకం బ్లూటూత్)ది గానీ చూసుకుని కొనాలి. అవే రెండు కోడ్‌లు వచ్చాయి. ఈసారి ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దొరికింది, స్పీడు 62, ఇంజిన్ వేడి 84 డిగ్రీలు. అంటే చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాదు, బండి బాగా వేడెక్కి రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు.

కోడ్ ఏం చెబుతుందో కూర్చుని పూర్తిగా చదివాను. పి0135 అంటే "మొదటి ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం". పి0141 అంటే రెండో సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. రెండింటిలోనూ సెన్సర్ చెడిపోయిందని ఎక్కడా లేదు. సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, వైరు, కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), హీటర్, కంప్యూటర్ లోపలి స్విచ్చు అన్నీ కలిపి. ఈ గొలుసులో ఎక్కడ తెగినా అదే కోడ్ వస్తుంది. గ్యారేజీ వాళ్లని తప్పు పట్టడం లేదు, రోజుకి ఇరవై బండ్లు చూసేవాళ్లకి కోడ్‌లో సెన్సర్ పేరు కనిపిస్తే సెన్సర్ మార్చడమే తేలికైన దారి. కానీ ఆ డబ్బులు కట్టేది మనం కాబట్టి ఆ అరగంట మనమే పెట్టాలి.

అసలు ఈ సెన్సర్ చేసే పని తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే బరువులో ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. ఆ లెక్క కుదిరిందా లేదా అన్నది కంప్యూటర్‌కి ముందుగా తెలీదు, కాలాక వచ్చే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి వెనక్కి లెక్క కట్టుకుంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు. ముందు సెన్సర్ ఆ మెతుకు పట్టి చూసే వేలు. పొగలో ఆక్సిజన్ ఎక్కువుంటే దాని వోల్టేజీ 0.1 వోల్టు దాకా పడిపోతుంది, తక్కువుంటే 0.9 దాకా లేస్తుంది, మధ్యలో 0.45 దగ్గర లెక్క సరిగ్గా ఉన్నట్టు. కంప్యూటర్ పెట్రోల్‌ని కొంచెం పెంచి, కొంచెం తగ్గించి సరిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఆ వోల్టేజీ క్షణక్షణం కిందికీ పైకీ ఊగుతూ ఉండాలి. వెనక సెన్సర్ పని వేరు, అది కన్వర్టర్ బాగా పనిచేస్తోందా అని కాపలా కాస్తుంది, అది ఊగకూడదు, 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టు.

ఈ సెన్సర్ లోపలి జిర్కోనియా పింగాణీ సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప పనిచేయదు. పొగ వేడికే అది వేడెక్కాలంటే టైమ్ పడుతుంది, ట్రాఫిక్‌లో ఆగి ఉంటే మళ్లీ చల్లబడుతుంది. అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. హీటర్ ఆగిపోతే కంప్యూటర్ సెన్సర్ మాట వినకుండా గుడ్డిగా, కొంచెం ఎక్కువ పెట్రోలే పోస్తుంది. నా మైలేజీ ఎందుకు పడిందో, పొద్దున పూట ఆ వాసన ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు మూత తీశాను. మూత వెనక బొమ్మలో చూస్తే మా బండిలో రెండు సెన్సర్ల హీటర్లకీ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి పోతోంది, 15 ఆంపియర్లది, నీలం రంగు. అన్ని బండ్లలో ఇలాగే ఉండదు, మీ మూత మీద మీరు చూసుకోవాలి. ఫ్యూజు పీకి వెలుతురుకు పట్టి చూశాను. లోపలి తీగ మధ్యలో తెగి, అక్కడ ప్లాస్టిక్ లోపలి వైపు నల్లగా మసిపట్టి ఉంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం చెప్పలేను. అంగడికి పోయి అయిదు రూపాయలు పెట్టి కొత్తది తెచ్చి గుచ్చి తాళం తిప్పాను. టిక్ మని చిన్న చప్పుడు. అదీ పోయింది.

పక్కన ఆటో కడుక్కుంటున్న తమ్ముడొకడు "20 ఆంపియర్లది పెట్టన్నా, ఆగుతది" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు కానీ ఇది చాలా ప్రమాదం. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. ఫ్యూజు పోకుండా నిలబడితే వైరు కాలుతుంది, పెట్రోల్ పైపుల పక్కన కాలుతుంది. ఫ్యూజు మీద రాసిన అంకె పెంచొద్దు, ఫ్యూజు బదులు తీగ చుట్టొద్దు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మా వీధిలో ఉండే కాక కాజీపేట లోకోషెడ్‌లో ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యారు. "కాకా, ఒకసారి చూస్తరా?" అంటే చాయ్ గ్లాసుతోనే వచ్చేశారు. కాలిన రెండు ఫ్యూజులూ చేతిలో పెట్టుకుని చూసి, "కొత్తది పెట్టుడు తర్వాత బిడ్డా, ఇది ఎందుకు పోయిందో ముందు చూడాలె. ఫ్యూజులు దండగ చేయకు, ఒక బల్బు పట్టుకరా" అన్నారు. నా డబ్బాలో పాత ఇండికేటర్ బల్బు ఉంది, 21 వాట్లది. దానికి రెండు వైర్లు కట్టి, ఫ్యూజు ఉండాల్సిన రెండు చీలికల్లో చెరొకటి గుచ్చించారు. కరెంటంతా ఇప్పుడు బల్బులోంచే పోవాలి. వైరు ఎక్కడైనా బాడీకి తగిలి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఏదీ కాలదు. తగలడం ఆగితే బల్బు ఆరిపోతుంది. ఇంత సులువైన పద్ధతి నాకు ఇన్నేళ్లుగా తెలీదు.

తాళం ఆన్ చేయగానే బల్బు భగ్గుమని వెలిగింది. ఇప్పుడు ఒక్కొక్క కప్లర్ ఊడదీస్తూ రావాలి. వెనక సెన్సర్ కప్లర్ కోసం బండిని జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి కిందికి దూరాను. ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ బండి కిందికి దూరొద్దు. ఆ కప్లర్ ఊడదీసి "ఏమైంది?" అని అరిస్తే పైనుంచి మా పెద్దోడు "ఇంకా వెలుగుతనే ఉంది నాన్నా" అన్నాడు. అంటే వెనక సెన్సర్‌కి సంబంధం లేదు. పైకి వచ్చి ముందు సెన్సర్ కప్లర్ నొక్కి లాగాను. బల్బు ఆరిపోయింది. మళ్లీ గుచ్చాను, వెలిగింది. కాక ఏమీ అనలేదు, చాయ్ తాగుతూ ముందు సెన్సర్ వైరు వైపు వేలు చూపించారు. వైరును చేత్తో కొంచెం కదిపితే బల్బు ఆరుతోంది, వదిలితే వెలుగుతోంది.

టార్చి వేసి చూశాను. మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే పైపు) మీద వేడి తగలకుండా ఉండే రేకు వెనకకి, చేయి కూడా సరిగ్గా దూరని చోట, వైరు మీద తొడిగిన నల్లని గొట్టం ఒక అంగుళంన్నర మేర కొరికేసి ఉంది. లోపలి నాలుగు వైర్లలో రెండు తెల్లవి, ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. తెల్ల వైరు ఒకదానికి పైతొడుగు పూర్తిగా పోయి రాగి పోగులు బయటపడ్డాయి, అవి రేకు అంచుకి ఆనుకుని ఉన్నాయి. ఆనిన చోట రేకు మీద గోరంత నల్లమచ్చ. ఆ రేకు కింది మూలలో దూదిలాంటి చెత్త, చిన్న చిన్న నల్లటి పెంటికలు, వాటి మధ్యలో ఏడెనిమిది మక్కగింజలు. ఒకటి తీసి చూశాను. గింజ మొన దగ్గర ఉండే మెత్తటి మొలక భాగం మాత్రం చక్కగా తొలిచి తినేసి, మిగతా గట్టి పసుపు భాగం అలాగే వదిలేసింది.

అప్పుడు అంతా గుర్తొచ్చింది. మాది నర్సంపేట అవతల పల్లె. బతుకమ్మ, దసరా అని తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాం, కారు రేకుల షెడ్డు కింద, అప్పుడే వచ్చిన మక్కల బస్తాల పక్కన పెట్టాను. ఆ తొమ్మిది రోజులూ బండి కదల్లేదు. బస్తాల్లోంచి గింజ తెచ్చుకుని, వెచ్చగా, గాలి తగలకుండా ఉండే బానెట్ లోపల ఎలుక కాపురం పెట్టింది. కొరికిన వెంటనే ఫ్యూజు పోలేదు, ఇంజిన్ అదురుకి వైరు మెల్లగా జారి రేకుని తాకడానికి ఇన్ని రోజులు పట్టింది.

వెంటనే నమ్మేయకుండా మల్టీమీటర్‌తో కూడా చూశాను. కప్లర్ ఊడదీసి సెన్సర్ వైపు ఉన్న రెండు తెల్ల వైర్ల పిన్నుల మధ్య 6.1 ఓములు చూపించింది, వెనక సెన్సర్‌లో 6.4. అంటే రెండు హీటర్లూ బతికే ఉన్నాయి. హీటర్ లోపలి తీగ తెగిపోయి ఉంటే మీటర్ ఓములేవీ చూపించేది కాదు. తర్వాత తెల్ల వైరు పిన్నుకీ బండి బాడీకీ మధ్య చూస్తే 0.4 ఓములు, అంటే నేరుగా తగులుతోంది. ఇన్సులేషన్ టేప్ తాత్కాలికంగా చుట్టి, వైరును రేకుకు దూరంగా కట్టి మళ్లీ చూస్తే మీటర్ ఏమీ చూపించలేదు. కొత్త నీలం ఫ్యూజు పెట్టాను. ఈసారి పోలేదు. కోడ్‌లు చెరిపి వడ్డేపల్లి చెరువు దాకా వెళ్లి వచ్చాను. వాళ్లు పదహారున్నర వేలు అన్నది అయిదు రూపాయల ఫ్యూజుతో తీరిందని ఇంట్లో అందరికీ చెప్పాను.

కానీ పని అయిపోలేదు. అడాప్టర్ ఉంది కదా అని యాప్‌లో రెండు సెన్సర్ల గ్రాఫ్ పెట్టి చూశాను. పెద్దోడు ఫోన్ పట్టుకున్నాడు, నేను యాక్సిలరేటర్ తొక్కి ఆర్‌పీఎం 2500 దగ్గర నిలబెట్టాను. వెనకది 0.65 దగ్గర గీత గీసినట్టు ఉంది, అది బాగుంది. ముందుది మాత్రం ముసలి ఎద్దు నడిచినట్టు మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. పది సెకన్లలో 0.45 గీతను అయిదారు సార్లయినా దాటాల్సింది, రెండుసార్లే దాటింది. పైన 0.7 దాటట్లేదు, కింద 0.2 కంటే దిగట్లేదు. ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలితే టక్కున 0.8 పైకి ఎగరాలి, ఇది రెండు సెకన్లు ఆలోచించి లేచింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన పాత లెక్క మీద శాశ్వతంగా ఎంత పెట్రోల్ కలుపుతోందో చెప్పే అంకె, +14 ఉంది. పది దాటిందంటే ఎక్కడో ఏదో ఉన్నట్టే.

ఇక్కడ కూడా సెన్సరే అని తొందరపడి తేల్చేయలేదు. ట్రిమ్ పెరగడానికి ఇంకా కారణాలున్నాయి. గాలి దొంగదారిలో ఇంజిన్‌లోకి పోతుంటే ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచితే తగ్గుతుంది. నాకు రెండు చోట్లా ఒకటే ఉంది, రబ్బరు పైపులన్నీ వేలితో వంచి చూశాను, పగుళ్లు లేవు. సెన్సర్ కంటే ముందు సైలెన్సర్ పైపు లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ని మోసం చేస్తుంది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మానిఫోల్డ్ జాయింట్ల దగ్గర, తాకకుండా, అరచేయి పెట్టి చూశాను. గాలి కొట్టలేదు, టక్ టక్ చప్పుడు లేదు, మసి మరక లేదు. ఇవన్నీ దాటాకే ముందు సెన్సర్ నిజంగానే ముసలిదైందని ఒప్పుకున్నాను. పైగా దాని వైరు ఎలాగూ కొరికేసి ఉంది.

ఆ వైరును సోల్డర్ చేసి వాడుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు, నాకూ అదే ఆలోచన వచ్చింది. కానీ ఈ రకం సెన్సర్లు పోల్చి చూసుకోవడానికి బయటి గాలి కావాలి, చాలావాటిలో ఆ గాలి వైరు పోగుల సందుల్లోంచే లోపలికి పోతుంది. సోల్డర్ పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే తయారు చేసేవాళ్లు సోల్డర్ చేయొద్దని, క్రింప్ (గట్టిగా నొక్కి కలిపే) జాయింటే వాడమని చెబుతారు. కప్లర్‌లో గ్రీజు పూయొద్దని చెప్పేదీ అందుకే.

ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పాత సెన్సర్ మీది నంబరు ఫొటో చూపించి అదే నంబరుది అడిగాను. 3,200 అయింది. కప్లర్ లేకుండా నాలుగు వైర్లు వదిలేసిన యూనివర్సల్‌ది పన్నెండొందలకే ఇస్తామన్నారు కానీ జాయింట్ల గొడవ నాకు వద్దనిపించింది. ఆక్సిజన్ సెన్సర్ సాకెట్ అని విడిగా దొరుకుతుంది, 22 సైజు, వైరు దూరడానికి పక్కన చీలిక ఉంటుంది. అది మా తెలిసిన మేస్త్రి దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను.

రాత్రే సెన్సర్ మొదట్లో తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేశాను. పొద్దున ఇంజిన్‌ని రెండు నిమిషాలు తిప్పి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టాను. పూర్తిగా చల్లగా ఉంటే మర బిగుసుకుని ఉంటుంది, బాగా వేడిగా ఉంటే చేయి కాలుతుంది, మర కూడా చెడిపోవచ్చు. పానాకి పైపు తొడిగి మెల్లగా బరువు వేశాను. మొదట కదల్లేదు. ఇంకోసారి ఆయిల్ కొట్టి, పది నిమిషాలు ఆగి, మళ్లీ వేస్తే కిర్రుమని ఒక్క అరుపు అరిచి వదులైంది. ఆ చప్పుడుకి భయపడి ఆపేశాను కానీ మర బాగానే ఉంది.

బయటికి తీసిన సెన్సర్ మొన తెల్లగా, సున్నం రాసినట్టు ఉంది. మామూలుగా లేత గోధుమ రంగులో ఉండాలి. నల్లగా మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, ఇలా తెల్లగా ఉంటే సిలికాన్ గానీ కూలెంట్ గానీ లోపల కాలినట్టు. కూలెంట్ మట్టం తగ్గలేదు. రెండేళ్ల కింద ఇంజిన్ పై మూత ఆయిల్ కారుతోందని ఒకచోట గ్యాస్కెట్ పేస్టు దట్టంగా పూయించాను. మామూలు సిలికాన్ పేస్టు ఆవిరి ఇంజిన్‌లోకి పోయి కాలితే ఈ సెన్సర్లని చంపుతుంది, సెన్సర్లకి హాని చేయని రకం అని డబ్బా మీద రాసి ఉన్నది వేరే ఉంటుంది. నా సెన్సర్ నెమ్మదించడానికి కారణం అదే అని నేను అనుకుంటున్నాను. ఈసారి ఎవరైనా పేస్టు పూస్తామంటే డబ్బా చూపించమని అడుగుతాను.

కొత్తదానికి మర మీద, అది బిగుసుకుపోకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు కంపెనీ వాళ్లే పూసి ఇచ్చారు. మొనకి ఏదీ తగలనీయకుండా చేత్తో మర కలిపి, పూర్తిగా చేత్తోనే బిగించి, చివర్లో పానాతో సుమారు 40 న్యూటన్ మీటర్లకి బిగించాను. వైరుకి వేడి తట్టుకునే గాజునూలు గొట్టం తొడిగి, రేకుకి నాలుగు వేళ్ల దూరంలో క్లిప్పులు వేశాను.

స్టార్ట్ చేసి గ్రాఫ్ పెడితే నిమిషం లోపే గీత పైకీ కిందికీ చకచకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. 0.1, 0.85, 0.15, 0.8. పెద్దోడు "నాన్నా, ఈసీజీ లెక్క ఉంది" అన్నాడు. నిజంగా అలాగే ఉంది. మేమిద్దరం బానెట్ తెరిచిపెట్టి పది నిమిషాలు ఆ గీతనే చూస్తూ నిలబడ్డాం.

కోడ్‌లు చెరిపాక మూడు రోజులు మామూలుగా జనగామ తిరిగాను, మడికొండ దాటాక హైవే మీద 80 దగ్గర నిలకడగా నడిపాను, ఎందుకంటే కన్వర్టర్ పరీక్ష లాంటివి అలాంటి నడకలోనే పూర్తవుతాయి. మూడో రోజుకి యాప్‌లో సెన్సర్, హీటర్, కన్వర్టర్ పరీక్షలు మూడూ పూర్తయినట్టు చూపించింది, కొత్త కోడ్ ఒక్కటీ లేదు. గ్యారేజీలో భయపెట్టిన కన్వర్టర్‌కి ఏమీ కాలేదు. ట్రిమ్ +14 నుంచి +4కి వచ్చింది. ఆ నాలుగు గురించి నేను పట్టించుకోవడం లేదు, ఇథనాల్‌కి 14.7 కాదు, 9 వంతుల గాలి చాలు కాబట్టి అది కలిసిన పెట్రోల్‌లో పాత బండి కొంచెం ఎక్కువ పోసుకోవడం సహజమే. రెండు ట్యాంకులు నింపి లెక్క కడితే మైలేజీ 16.6 వచ్చింది.

అడాప్టర్, ఫ్యూజులు, సెన్సర్, గొట్టం అన్నీ కలిపి నాలుగు వేల రెండొందలు అయింది, అడాప్టర్ ఇంకా నా దగ్గరే ఉంది, ఇప్పటికే వీధిలో ముగ్గురి బండ్లకి పెట్టి చూశాను. మళ్లీ ఆ గ్యారేజీ మీదుగా పోయినప్పుడు ఆగి, గ్రాఫ్‌లు రెండూ, కొరికిన వైరు ఫొటో చూపించాను. పెద్ద మేస్త్రి ఓపిగ్గా చూసి, "ఫ్యూజు చూడనేలేదు సార్, మా పిల్లగానికి చెప్తా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది, బ్రేకుల పని ఉంటే అక్కడికే పోతాను.

ఊర్లో బాపుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మొన్న శనివారం వెళ్లేసరికి మక్కల బస్తాలన్నీ షెడ్డులోంచి తీసి లోపలి అర్రలో చెక్కల మీద పేర్చి పెట్టించాడు, కారు నిలిపే చోట నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. "ఇగ ఇక్కడ పెట్టుకో బిడ్డా, గింజ లేదు" అన్నాడు. అయినా రాత్రి పడుకునే ముందు బానెట్ ఎత్తి పెట్టి, టార్చి వేసి ఆ రేకు మూల ఒకసారి చూసి వచ్చాను. ఖాళీగానే ఉంది. వెనక సెన్సర్ వైరుకి కూడా ఆ గాజునూలు గొట్టం తొడగాలి, వచ్చే ఆదివారం ఆ పని.